తొట్టిలో గుడ్డు

తొట్టి అంచు దాటి ఉప్పునీళ్ళను తాకబోయిన పేరమ్మ వేలు మధ్యలోనే ఆగింది. ఆమె ఆ వేలిని వెనక్కి లాక్కుని, తడి అంటకపోయినా కొంగుకు తుడుచుకుంది.

"ఏందత్తా, వేలు దురద పెడతా ఉందా?" అంది మహాలక్ష్మి, పక్కన కూర్చుని చేపల కడుపులు చీలుస్తూ.

"నీ పని నువ్వు చూసుకోని, ఆ గుడ్డు ఇటియ్యి."

కోడలు చేతులు కడుక్కుని, చూరుకు వేలాడే బుట్టలోంచి కోడిగుడ్డు తీసిచ్చింది. పేరమ్మ దాన్ని నీళ్ళలో వదిలింది. మునిగింది, ఉప్పు చాలలేదన్నమాట. రెండు దోసిళ్ళ గల్లుప్పు పోసి, కర్రతో కలిపి, నీళ్ళు నిలకడయ్యేదాకా ఆగి, పైపైన అరచెయ్యి ఆడించింది. గుడ్డు నున్నగా వచ్చి అరచేతికి తగిలింది. కంటికి మాత్రం కనపడలేదు. రెండేళ్ళుగా ఆమె కళ్ళకు తొట్టి, చేప, ఇసుక అన్నీ గంజిలో పడినట్టే ఉన్నాయి.

జువ్వలదిన్నెలో ఎండుచేపలు అమ్మే ఆడవాళ్ళలో పేరమ్మ నాలుకకు పేరుంది. ముప్పై ఐదేళ్ళ కిందట కాపురానికి వచ్చినప్పుడు అత్త నేర్పిన పని అది. తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు ఎంత తక్కువైందో చెప్పేది. ఆరిన చేప తోక తుంచి బుగ్గన పెట్టుకుంటే ఇంకా ఎన్ని ఎండలు కావాలో చెప్పేది. మొగుడు పోయినా, గాలివానకు పాక లేచిపోయినా ఆ నాలుకే ఇల్లు నడిపింది. పక్కింటి వెంకటశేషమ్మ గుడ్డు వేసి ఉప్పు కొలుచుకుంటుంటే, "నీకు నోరుండేది మొగుణ్ణి తిట్టేదానికేనా?" అని నలుగురిలో నవ్వేది.

కళ్ళు తగ్గేకొద్దీ నాలుక మీద పని పెరిగింది. చూసి తెలుసుకునేవి కూడా నమిలి తెలుసుకోవలసి వచ్చింది. పోయిన వేసవిలో కత్తి బొటనవేలిలో దిగితే మహాలక్ష్మి కత్తి తీసి దాచేసింది. ఇంకొన్నాళ్ళకు తొట్టి దగ్గరికీ రానివ్వదు. అరుగు మీద కూర్చోబెట్టి అన్నం పెడతారు. ఆ కూర్చోవడం తల్చుకుంటేనే పేరమ్మకు ఊపిరాడదు.

శుక్లాలు తీయించుకోవాలంటే బీపీ దిగాలి. రెండుసార్లు నెల్లూరు కంటి ఆస్పత్రికి పోయే వ్యానెక్కబోయి, బీపీ ఎక్కువుందంటే వెనక్కి వచ్చింది. ఊళ్ళో డాక్టరు గారు మాత్రలు మార్చి, గురువారం గురువారం నర్సు సాయిలక్ష్మి పెట్టే క్లాసుకు పంపారు. ఏం తినాలో, ఎంత నడవాలో అక్కడ చెబుతారు. పేరమ్మ అన్నీ చేసింది. తెల్లారి హార్బరు రోడ్డు మీద నడిచింది. ఉప్పు కొలవడానికి సాయిలక్ష్మి ఇచ్చిన చిన్న చెంచా దాటకుండా చప్పిడి పప్పు తింది. బీపీ నూట ఎనభై దగ్గరే కూర్చుంది.

మూడు వారాల కిందట ఎండుచేపల కోసం వచ్చిన సాయిలక్ష్మి పావుగంట నిలబడి చూసింది.

"అక్కా, పదకొండు సార్లు నోట్లో పెట్టినావు."

"తినలేదమ్మా. ఊసేస్తాను గదా."

"ఊసింది నేను చూడలేదే. బుగ్గన ఉండేది ఏంది?"

పేరమ్మ బుగ్గ తడుముకుంది. తోక ముక్క. తెల్లారి ఎప్పుడో పెట్టుకుంది. అది అక్కడ ఉందన్న సంగతే ఆమెకు తెలియదు.

ఆ సాయంత్రమే వెంకటశేషమ్మ తన కోడి పెట్టిన గుడ్డు పట్టుకుని వచ్చింది. "ఇదో, నీ నాలుక," అంది. పేరమ్మ చెయ్యి చాచి తీసుకుంది.

ఇవాళ గురువారం. వ్యాను పదకొండింటికి. బీపీ నూట యాభై దాటితే మళ్ళీ వ్యాను ఎప్పుడో. పేరమ్మ మొహం కడుక్కుని, మడమల పగుళ్ళలో తెల్లగా పేరుకున్న ఉప్పును రాయితో రుద్దుకుని బయల్దేరింది. సంచీ సర్దుకోలేదు. సర్దుకున్న రెండుసార్లూ వెనక్కి మోసుకొచ్చింది.

క్లినిక్‌లో సాయిలక్ష్మి జబ్బకు పట్టీ చుట్టి గాలి కొట్టింది. దించింది.

"నూట అరవై రెండు."

పేరమ్మ లేవబోయింది.

"యాడికి పోతావు? పరిగెత్తుకుంటా వచ్చినావు గదా, ఎక్కువే ఉంటాది. పది నిమిషాలు గమ్మున కూర్చో. మాట్లాడబాక."

మాట్లాడకుండా కూర్చోవడం పేరమ్మకు చేతకాని పని. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గోళ్ళ చుట్టూ తెల్లబారి పాలిపోయిన వేళ్ళవి. వాటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూసింది, కనపడకపోయినా. ఫ్యాను తిరిగే చప్పుడు విన్నది. నాలుక పళ్ళ వెనక ఏదో వెతుక్కుంది. ఏమీ లేదు. అన్నేళ్ళ తర్వాత నోరు ఉత్త నోరుగా ఉంది.

సాయిలక్ష్మి మళ్ళీ గాలి కొట్టింది.

"నూట నలభై ఆరు."

"ఇంకోసారి చెప్పమ్మా."

"నలభై ఆరక్కా. డాక్టరు గారి సంతకం తెస్తా, లెయ్యి."

పేరమ్మ లేవలేదు. పొట్టలోంచి ఒక పెద్ద ఊపిరి వచ్చి, ఆ వెనకే నవ్వు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. పక్కన కూర్చున్న ముసలాయన ఎందుకో తెలియకుండానే తనూ నవ్వాడు.

కాగితం పట్టుకుని బయటికి వచ్చేసరికి వ్యాను పక్కన ఎవరో నిలబడి ఉన్నారు. చేపల వాసనను బట్టి కోడలని తెలిసింది. చేతిలో సంచీ.

"నిన్నెవురు సర్దమన్నారు?"

"ఎవురూ అనలా. రెండు చీరలు, దుప్పటి, మాత్రలు పెట్టినా. ఎక్కు."

పేరమ్మ సంచీ తీసుకుని లోపల కిటికీ పక్కన కూర్చుంది. వ్యాను కదులుతుండగా తల బయటికి పెట్టింది.

"ఆ గుడ్డు తీసి వండుకోబాక."

"నాకెందుకు నీ ఉప్పు గుడ్డు? నువ్వొచ్చి నీ కళ్ళతో చూసుకుందువులే. తల లోపల పెట్టత్తా."

వ్యాను హార్బరు రోడ్డు తిరిగి, వాళ్ళ పాక ముందు నుంచే పోయింది. పేరమ్మ అటే మొహం తిప్పి, వాసన మీద గుర్తుపట్టి, తెల్లటి మసకలోకి చెయ్యి ఊపింది. పాకలో ఎవరూ లేరు. గోనెపట్ట నీడలో, నిలకడగా ఉన్న ఉప్పునీళ్ళ మీద, రూపాయి బిళ్ళంత వీపు పైకి పెట్టి గుడ్డు తేలుతూ ఉంది.