పూడిన చిల్లులు

నేను ఒక బూందీ గరిటెని. అజ్జరంలో ఇత్తడి రేకుగా పుట్టి, సుత్తి దెబ్బలు తిని గుండ్రబడ్డాను. ఒంటి నిండా చిల్లులే గాని చిల్లర బుద్ధి లేదు. పోసిన పిండి పోసినట్టే నూనెలోకి విడిచేస్తాను. నన్ను కొన్న ముసలి వంటవాడు పోయేముందు శిష్యుడి చేతిలో పెట్టాడు. ఆ శిష్యుడే తణుకులో మిఠాయి దుకాణం పెట్టిన కోటసత్యం.

ఆయనకి నా చిల్లులంటే ప్రాణం. వాయి దింపగానే చీపురుపుల్లతో ఒక్కొక్కటీ పొడిచి కడిగేవాడు. "పిండి ఎండిందంటే గరిటె గుడ్డిదైపోద్దే వరాలూ" అని భార్యకి రోజూ పాఠం.

పాకం మాత్రం వేళ్ళతోనే చూసేవాడు. రెండు వేళ్ళ మధ్య తీగ సాగాలి; సాగిన తీగ నోట్లోకి పోవాలి. ఒంట్లో చక్కెర ఉందని తేలాక కూడా అంతే.

"తినకండీ బాబూ!"

"తినడమేంటే? చూడ్డం! పాకం చూడకుండా లడ్డూ కట్టమంటావా?"

రక్తపరీక్ష దగ్గరపడితే మాత్రం వేళ్ళు తువ్వాలుకి తుడుచుకుని, మాత్రలు బుద్ధిగా మింగేవాడు. అంకె బాగానే వచ్చేది. ఆ సాయంత్రమే వేళ్ళు మళ్ళీ నోట్లోకి. ఆయన పాకం పట్టాననుకున్నాడు. పాకమే ఆయన్ని పట్టింది.

మొదట యాలకుల డబ్బా ఎక్కడుందో వెతికేవాడు. తర్వాత మాట మధ్యలో ఆగిపోయేవాడు. ఒకనాడు పెళ్ళివారి లడ్డూలకి ఒక పొయ్యి మీద నూనె, పక్క పొయ్యి మీద పాకం మరుగుతున్నాయి. నన్ను పాకం మీద పట్టి పిండి పోశాడు. అంతా జావైపోయింది.

"ఏంటండీ ఇది!" అని వరాలు అరిచింది.

"బూందీ పొంగట్లేదేంటే?" అన్నాడు, నిజంగానే తెలియక.

ఆ గొడవలో నన్నెవరూ కడగలేదు. ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళి వచ్చాక వరాలు నన్ను చేతిలోకి తీసుకుంది.

"డాక్టరుగారు తల ఫొటో చూపించారండీ. చక్కెర వల్ల లోపలి సన్నటి రక్తనాళాల గోడలు మందమైపోయాయంట. దారి ఇరుకై, నెత్తురు సరిగ్గా పారక, మెదడు అక్కడక్కడ ఎండిపోయిందంట. నొప్పీ లేదు, పడిపోడమూ లేదు. ఇదిగో, ఇలాగ" అని నా పూడిన చిల్లులు చూపించింది.

ఆయన ఒక చిల్లుని గోటితో గీకాడు. "మరి దానికి పుల్ల ఏదే?"

"పూడినవి ఇంక తెరుచుకోవంట. మిగిలినవి కాపాడుకోవాలంట."

ఇప్పుడు దుకాణంలో కాజాలు మాత్రమే. పాకం వరాలు చూస్తుంది. చూసి వేళ్ళు నీళ్ళలో ముంచుతుంది. తీపి గుర్తులంటూ మురిసిపోతారు మనుషులు. తీపే గుర్తుల్ని తినేస్తుందని వాళ్ళకి తట్టదు కాబోలు.

నేను మేకుకి వేలాడుతున్నాను. కోటసత్యం వస్తాడు. నన్ను దించి, పుల్లతో చిల్లు చిల్లూ పొడిచి, కడిగి తగిలిస్తాడు. కాసేపటికి మళ్ళీ వచ్చి దించుతాడు.

"పిండి ఎండిపోద్దే వరాలూ..."

నాలోంచి పిండి జారి ఏడాది దాటింది.