ఐదో ముక్క

పదకొండో పొట్టేలు కొక్కేనికి వేలాడుతూ కడ్డీ మీద జారి వచ్చి, ముక్తాయింపు అని అందరూ పిలిచే మనిషి ముందు ఆగింది. తల లేదు, కాళ్ళు లేవు, తోలు లేదు, కడుపులో ఏమీ లేదు. అతను పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి నీళ్ళు కొట్టాడు. మెడ దగ్గర గడ్డకట్టిన నెత్తురు ముద్దలుగా రాలి, అతని బూట్ల మీదుగా తూములోకి పోయింది. పక్కటెముకల మధ్య తడిమి, మిగిలిన పొరను గోటితో గీరి, ఇంకోసారి నీళ్ళు కొట్టి పక్క గదిలోకి తోశాడు. ఇరవై రెండేళ్ళుగా అతని పని ఇదే. చేతివేళ్ళు ఎప్పుడు చూసినా నానిన శనగల్లా ముడతలు పడి ఉండేవి.

ఆ కబేళా షెడ్డులో కడ్డీ పొడుగునా ఐదుగురు నిలబడతారు. మొదట గొంతు కోసి తల తీసే కోతాయన. తర్వాత కాళ్ళు నరికేవాడు. అతను ముక్తాయింపుకి సొంత తమ్ముడు. మూడోవాడు తోలు ఒలిచే తోలాయన, నాలుగోవాడు పేగులు తీసే పేగులాయన. ఆఖరున నీళ్ళ పైపు పట్టుకుని ముక్తాయింపు. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా అరుపులు, గిట్టల తన్నులు, కత్తి ఎముకకు తగిలే చప్పుడు. మనిషన్నవాడికి పిచ్చెక్కాలి. ఎక్కకుండా ఉండడానికి వీళ్ళు ఒక ఆట కనిపెట్టారు. కోతాయన పొట్టేలు గొంతు కోస్తూ ఒక ముక్క పాడతాడు. పొట్టేలుతో పాటు ఆ పాట కూడా కడ్డీ మీద ముందుకు కదులుతుంది. ఒక్కొక్కరూ తమ వంతు కోత కోసి, తమ వంతు ముక్క కలిపి పక్కవాడికి తోస్తారు. ఐదో ముక్కతో పాట ముగుస్తుంది. ముగించేది ఇతను కాబట్టి ముక్తాయింపు అన్న పేరు స్థిరపడింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

కిందటి వారం మేస్త్రి మీద కట్టిన పాట ఇది:

మేస్త్రిగారు పొద్దున్నే పులిలాగ లేచాడు
అద్దంలో మొహం చూసి తానే జడిశాడు
పొట్టేలొకటి తన్నింది
పంట్లాము జారింది
వచ్చేనెల మనల్నొదిలి ఊరెళ్ళిపోతున్నాడు!

మేస్త్రికి బదిలీ అయిందని షెడ్డుకి తెలిసింది అలాగే. మొదటి నాలుగు ముక్కల్లో ఎన్ని కోతలైనా కోయొచ్చు, ఐదోది మాత్రం నిజమై ఉండాలి. ఇది వాళ్ళ కట్టుబాటు. ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు కాని, ముక్తాయింపు ఒక్కసారీ తప్పలేదు. పదిహేనేళ్ళ కిందట తనకు పుట్టిన పిల్ల బతకలేదన్న సంగతిని కూడా అతను ఐదో ముక్కగానే చెప్పాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. కోతాయన కత్తి కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికెళ్ళి ఆనాటి పాటలన్నీ భార్యకు వినిపించేవాడు. ఆమె నాలుగు ముక్కలకూ పగలబడి నవ్వి, ఐదోదానికి "అయితే నిజమేనన్నమాట" అనేది. ఆ ఇంట్లో అంతకు మించిన సరదా లేదు. ఉండాలని వాళ్ళిద్దరికీ తోచనూ లేదు.

మూడు రోజులుగా షెడ్డులో పాట లేదు. పేగులాయన భార్య ఎవడితోనో ఇల్లు విడిచి వెళ్ళిపోయింది.

ఎందుకు వెళ్ళిపోయిందో అడగక్కర్లేదు. కిందటి నెల పేగులాయన పిడికిలికి కట్టు కట్టుకుని వచ్చి, "పెళ్ళాం పన్ను గుచ్చుకుంది రా" అని నవ్వుతూ చెప్పాడు. అందరూ టీ తాగుతూ నవ్వారు. ముక్తాయింపు కూడా నవ్వాడు. నవ్వినందుకు ఆ రోజంతా తనను తాను తిట్టుకున్నాడు కాని, పేగులాయనను మాత్రం ఒక్క మాట అనలేదు. ఇప్పుడు పేగులాయన మూడు రోజులుగా కత్తి నూరుతూనే ఉన్నాడు. పొట్టేలు కడుపు నిలువునా చీల్చి, పేగులు రెండు చేతులా లాగి బకెట్లో పడేసి, ప్రతిసారీ ఒకటే మాట: "వాడు దొరకనీ. వాడివి కూడా ఈ బకెట్లోనే."

ఆ వాడెవడో ముక్తాయింపుకి తెలుసు. నిన్న సాయంత్రం తమ్ముడే ఇంటి వెనక్కి పిలిచి చెప్పాడు. ఆమె మణికట్టు విరిగి ఉంటే చూడలేక తీసుకొచ్చేశానని, మార్కెట్టు వెనక ఒక గది తీసుకున్నానని, నోరు జారితే తన చావు ఖాయమని. ముక్తాయింపుకి ముందు ఒళ్ళు మండింది, తర్వాత భయం వేసింది. చిన్నప్పుడు తండ్రి బెల్టు తీస్తే తమ్ముడు వచ్చి దాక్కునేది ఇతని వెనకే. బెల్టు ఎప్పుడూ ఇతని వీపు మీదే దిగేది.

పన్నెండో పొట్టేలును కొక్కేనికి ఎత్తారు. కోతాయనకు నోరు ఊరుకోదు, మూడు రోజులు మూసుకోవడమే ఎక్కువ. కత్తి గొంతులో దించుతూ పాట ఎత్తుకున్నాడు.

"పేగులాయన పెళ్ళాం పెట్టె సర్దుకుంది!"

నెత్తురు చివ్వున చిమ్మి గోడకు కొట్టింది. పాట ఎవరి మీదైతే వాళ్ళు నవ్వుతూ పడాలి, తన వంతు వస్తే తనూ ఒక ముక్క వేయాలి. కోప్పడితే పరువు పోతుంది. పేగులాయన పళ్ళు బయట పెట్టి, "కానీండి, కానీండి" అన్నాడు.

పొట్టేలు తమ్ముడి దగ్గరికి జారింది. తన వంతు దాటవేస్తే అనుమానం వస్తుంది. కాళ్ళు టపటపా నరికి, నోటికొచ్చింది అనేశాడు.

"చప్పుడవకుండా చెప్పులు చేత పట్టుకుంది!"

ముక్తాయింపు చప్పున తల ఎత్తాడు. చెప్పులు చేత పట్టుకుందని వీడికెలా తెలుసని ఎవరైనా అడిగితే? ఎవరూ అడగలేదు. కాని పేగులాయన తల తిప్పి తమ్ముడి వంక చూశాడు. తోలాయనకు ఇదేమీ పట్టలేదు. పిడికిలి దూర్చి తోలు పర్రున లాగుతూ, "వీధి కుక్క చూసింది!" అని పక్కకు తోశాడు.

పేగులాయన తొందరపడలేదు. కత్తి దించి కిందికి లాగాడు. ఆవిర్లు కక్కుతూ పేగులు జారి బకెట్లో పడ్డాయి. పాట పాడినట్టు కాకుండా, అడిగినట్టే అన్నాడు.

"ఎవడితో అది పోయింది?"

పొట్టేలును ముక్తాయింపు వైపు తోసి, దానితో పాటు తనూ రెండడుగులు వచ్చాడు. కత్తి చేతిలోనే ఉంది.

"చెప్పన్నా. నీకు తెలియని సంగతుండదు ఇక్కడ. ఐదో ముక్క నువ్వే కదా."

ముక్తాయింపు పైపు ఎత్తాడు. మామూలుగా పొట్టేలు కడిగేలోపు ముక్క తట్టేది. ఇవాళ మెడ కడిగాడు, పక్కటెముకలు కడిగాడు, కడిగిందే మళ్ళీ కడిగాడు. ఊరుకుంటే తెలిసి దాస్తున్నట్టు. తెలియదంటే నమ్మడు. అవతల తమ్ముడి మొహంలో నెత్తుటి చుక్క లేదు, ఇంకాసేపు చూస్తే ఆ మొహమే అంతా చెప్పేస్తుంది. నవ్వించాలి, అంతే. యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి, ముందు పళ్ళు రెండు లేవు, నన్ను చూసి నవ్వక ఏం చేస్తారు అనుకున్నాడు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, పెళ్ళికొడుకులా వయ్యారంగా తిరిగాడు.

"నీళ్ళ పైపు ముసలాణ్ణి కోరి చేరుకుంది!"

కోతాయన గోడకు ఆనుకుని మరీ నవ్వాడు. తోలాయన కళ్ళు తుడుచుకున్నాడు. పేగులాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఐదోది అబద్ధం ఉండదు కదన్నా" అన్నాడు.

పొట్టేలుకు దించినట్టే అతని కడుపులో కత్తి దించాడు. ఒకసారి కాదు. కోతాయన వచ్చి మెడ పట్టి లాగేసరికి మూడుసార్లు అయింది. పేగులాయన మోచేత్తో కోతాయన ముక్కు పగలగొట్టి, మళ్ళీ మీదికి ఉరికి, "ఎక్కడ దాచావు దాన్ని?" అని అరిచాడు. తోలాయన గొలుసు తీసి వీపు మీద బాదితే గాని పడలేదు. ముక్తాయింపు గోడకు ఆనుకుని మెల్లగా కూర్చున్నాడు. కేక వేయలేదు. తమ్ముడి వంక చూసి, మాట్లాడొద్దన్నట్టు తల అడ్డంగా ఆడించాడు. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, వేళ్ళ మధ్య నుంచి పోతున్నదాన్ని చూస్తూ చూస్తూ కళ్ళు మూసుకున్నాడు.

తమ్ముడు మాట్లాడలేదు. పోలీసులు వచ్చి పాట మొత్తం రాసుకున్నప్పుడు మాట్లాడలేదు. "ముసలాడికి ఇదేం పొయ్యేకాలం" అని మేస్త్రి చీదరించుకున్నప్పుడూ మాట్లాడలేదు. కోతాయన ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడుస్తూ, "ఇరవై రెండేళ్ళలో ఒక్క అబద్ధం చెప్పలేదు మహానుభావుడు" అంటే తల దించుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వదిన షెడ్డుకు వచ్చింది. బట్టలు మార్చుకునే గదిలో మొగుడి సామాను తీసుకెళ్ళమని కబురు పంపారు. తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమయ్యా, పాటలో ఆ మాట అన్నది మీ అన్నేనా?"

"అవును వదినా."

"ఐదోదేనా?"

అతని పెదవులు కదిలాయి. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. గోడకు అవతల పేగులాయన అన్నదమ్ములు ఇద్దరు మేస్త్రితో ఏదో గట్టిగా మాట్లాడుతున్నారు.

"ఐదోదే" అన్నాడు.

ఆమె "అయితే నిజమేనన్నమాట" అని, గదిలోకి అడుగు పెట్టకుండానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

గదిలో మేకుకు ముక్తాయింపు నీలం చొక్కా, ఇస్త్రీ చేసింది, వేలాడుతూ ఉంది. రెండో గుండీ ఆమె ఈ మధ్యే కుట్టినట్టుంది, దారం మాత్రం తెల్లది.