మనిషి ఉంది, వస్తంది

నేను ఒక తువ్వాలును. చీరాల మగ్గం మీద పుట్టిన ఎర్రగళ్ళ తువ్వాలును. ఓస్, అంతేనా అని మూతి విరవకండి. ఒళ్ళు తుడుచుకునే గుడ్డను కాను నేను, సీటు పట్టే తువ్వాలును. మీ జేబుల్లో టికెట్లుంటే ఉండనీండి, ఫోన్లలో నంబర్లుంటే ఉండనీండి. నేను పడ్డ సీటు నాది. పడాల్సిన తిప్పలన్నీ పడి కూడా ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

నన్ను నేసినాయనకి చెయ్యి బరువు. పోగుకి పోగు ఆనించి గట్టిగా నేశాడు. "తువ్వాలు నేశావా, గోనెపట్టా నేశావా" అని కొట్టాయన విసుక్కున్నాడు. ఆ గట్టిదనమే తర్వాత నాకు అక్కరకొచ్చింది.

నన్ను కొన్నది అద్దంకి దగ్గర పల్లెలో ఉండే కోటయ్య. ఆయన భుజాన కొన్నాళ్ళు పెద్దమనిషిలా వేళ్ళాడాను. పని సున్నా, మర్యాద మాత్రం బోలెడు. ఒకరోజు అద్దంకి బస్టాండులో ఒంగోలు బస్సు ఇంకా ఆగనేలేదు, ఆయన భార్య తిరపతమ్మ నన్ను ఆయన భుజం మీంచి లాగి కిటికీలోంచి విసిరింది. పోయి సరిగ్గా సీటు నడిమధ్యన పడ్డాను. నేనెందుకు పుట్టానో అప్పుడు తెలిసింది.

అప్పట్నించీ నేను తిరపతమ్మ తువ్వాలునే. నన్ను ముందు పంపి ఆవిడ తాపీగా ఎక్కేది. ఎవరైనా నన్ను తీయబోతే ఒకటే మాట: "మనిషి ఉంది. వస్తంది." ఆ మనిషి ఒక్కోసారి కోటయ్య, ఒక్కోసారి ఎండుమిరపకాయల బస్తా. ఎదురుగా నిలబడ్డ మనిషికి ఇంచీ జరగని జనం, ఇంకా రాని మనిషికి మాత్రం భయపడతారు. మనుషుల్లో ఈ తమాషా నాకు భలే ఇష్టం.

నన్ను లెక్కచేయనిది ఒక్కతే, మస్తానమ్మ. తిరపతమ్మకి వదిన వరస, కోలాటం జట్టులో పాట ఎత్తేది ఆవిడే. ఒకసారి దర్శి బస్సులో నన్ను రెండు వేళ్ళతో తీసి అవతల పడేసి, "గుడ్డకేంది సీటు" అని కూర్చుంది. ఆర్నెల్లు ఇద్దరికీ మాటల్లేవు. ఎదురెదురుగా ఆడుతూ కోపమంతా కర్రల మీద తీర్చుకుంటుంటే, అబ్బ ఏం ఊపు ఏం ఊపు అని ఊరు మెచ్చుకునేది. తర్వాత ఎట్లాగో కలిసిపోయారు. నేను మాత్రం మర్చిపోలేదు.

ఇదిలా ఉండగా జర్మనీలో ఏదో ఊళ్ళో జానపద నాట్యాల పండగకి రమ్మని జట్టుకి పిలుపొచ్చింది. తిరపతమ్మ నన్ను మడిచి సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకుంది. అక్కడ దిగేసరికి మస్తానమ్మ మోకాలు గుమ్మడికాయంత వాచింది. జట్టంతా ముందు వెళ్ళిపోయి, ఈ ఇద్దరూ ఒకరోజు ఆగి బయల్దేరారు. తోడుగా అక్కడ చదువుకుంటున్న తెలుగమ్మాయి నిహారిక. ఐదు గంటల రైలు ప్రయాణం, దిగగానే సాయంత్రం ఆట. అంతసేపు నిలబడితే ఈ కాలు ఇక ఆడదని డాక్టరు చెప్పాడు. మస్తానమ్మ కాలు ఆడకపోతే పాట లేదు, పాట లేకపోతే ఆట లేదు. సముద్రాలు దాటి వచ్చి చేతులు కట్టుకు నిలబడటమే.

"భయం లేదు పెద్దమ్మా, మూడు సీట్లు బుక్ చేశాను," అంది నిహారిక. "ఇక్కడ టికెట్ వేరు, సీటు వేరు. సీటు విడిగా బుక్ చేసుకోవాలి. రైలు కదిలిన పావుగంటలోపు వెళ్ళి కూర్చోకపోతే అది ఎవరైనా తీసుకోవచ్చు."

"మరి తువ్వాలేస్తే?" అంది తిరపతమ్మ.

నిహారిక పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

ప్లాట్‌ఫారం మీద ఏ బోగీ ఎక్కడ ఆగుతుందో బోర్డు మీద రాసి ఉంది. ముగ్గురూ బుద్ధిగా అక్కడే నిలబడ్డారు. ఇంతలో మైకులో ఏదో చెప్పారు. ఇవాళ బోగీల వరస తిరగబడిందట, మొదట ఉండాల్సినవి చివరికి పోయాయట. అప్పటిదాకా గీత గీసినట్టు నిలబడ్డ జనం పెట్టెలు పట్టుకుని ఒకటే ఉరుకు. అద్దంకి బస్టాండుకి ఏ మాత్రం తీసిపోలేదు. చూసి నా ప్రాణం లేచొచ్చింది.

మస్తానమ్మ ఉరకలేదు. రైలు వచ్చింది, మా బోగీ మా ముందునించే సాగిపోతోంది. తిరపతమ్మ చెయ్యి ఆగలేదు, నన్ను విసిరింది. నేనూ ఎగిరాను. కానీ ఆ రైళ్ళకి కిటికీలు తెరుచుకోవట! అద్దానికి చప్పున కొట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి జారాను. లోపల కాఫీ తాగుతున్న ఒక ముసలావిడ నన్ను చూసి కప్పు కింద పెట్టేసింది. జన్మలో మొదటిసారి గురి తప్పాను. తిరపతమ్మ నన్ను దులిపి భుజాన వేసుకుంది, సిగ్గు పడలేదు. నేనూ పడలేదు.

దొరికిన తలుపులో ఎక్కేశారు. మా బోగీ ఆ చివర, మేమీ చివర, మధ్యలో దారి పొడుగునా పెట్టెలు, కాళ్ళు. మస్తానమ్మ కోలాటం కర్రల సంచి మీద కూలబడి, "నన్నిక్కడే వదిలెయ్ వదినా, నా వల్ల కాదు" అంది.

"నోరు మూసుకుని మెల్లగా రా. అమ్మాయ్, నువ్వు పట్టుకుని తీసుకురా. నేను ముందు పోతన్నా," అని తిరపతమ్మ బయల్దేరింది. భాష రాదు, అంకెలు వచ్చు, మోచేతులున్నాయి. పావుగంట లోపలే మా బోగీకి చేరింది. సీట్ల పైన పేర్లు వెలగాల్సిన చిన్న పలకలు ఆ పూట చీకటిగా ఉన్నాయి. మూడు సీట్లు ఖాళీ. పక్క రెండింటి మీద సంచి, చెప్పులు పెట్టి, కిటికీ పక్కదాని మీద నన్ను పరిచి, చేత్తో రెండుసార్లు తట్టింది. ఎదురుగా ఆ కాఫీ ముసలావిడే. ఆవిడకి నన్ను చూపించి, వెనక్కి చూపించి, "మనిషి ఉంది, వస్తంది" అని చెప్పి మస్తానమ్మ కోసం వెనక్కి పోయింది.

నేనొక్కదాన్నే మిగిలాను. పావుగంట దాటింది. ఒక పొడుగాటాయన వచ్చాడు, గడియారం చూసుకున్నాడు, పైన చీకటి పలక చూశాడు, నన్ను చూశాడు. నీట్‌గా నాలుగు మడతలు పెట్టి పై అరలో పెట్టి కూర్చున్నాడు. మర్యాదగా చేస్తే మాత్రం దౌర్జన్యం కాకుండా పోతుందా? నేను మడత విప్పుకుని జారి ఆయన నెత్తిన పడ్డాను. రైలు ఊపుకా, కావాలనా అని అడక్కండి.

ముసలావిడ ఆయనతో గొడవ అందుకుంది. నాకు ఆ భాష రాదు గానీ సీటు గొడవ ఏ భాషలోనైనా ఒకటే రాగం. ఆయన గడియారం చూపిస్తాడు, ఆవిడ నన్ను చూపిస్తుంది. టీసీ వచ్చాడు. అదే సమయానికి నిహారిక భుజం మీద వాలి, పెదవి కొరుక్కుంటూ మస్తానమ్మ వచ్చింది, వెనకే తిరపతమ్మ.

"లే నాయనా. మనిషి ఉందని చెప్పలా? ఇదిగో మనిషి," అంది తిరపతమ్మ తెలుగులోనే.

నిహారిక ఫోన్ చూపించింది. టైము దాటిందని ఆయన మళ్ళీ గడియారం చూపించాడు. టీసీ నన్ను ఆయన నెత్తి మీంచి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, ఆయన్ని ఏదో అడిగాడు. ఆయన ముఖం ఎర్రబడింది. బోగీలో సగంమంది నవ్వారు. నిహారిక నవ్వాపుకుంటూ చెప్పింది. సముద్రపొడ్డు హోటళ్ళలో వీళ్ళంతా తెల్లారకముందే లేచి పడక కుర్చీల మీద తువ్వాళ్ళు పరిచేసి, పోయి మళ్ళీ పడుకుంటారట. "సెలవుల్లో మీ తువ్వాలు ఎవరైనా తీస్తే ఊరుకుంటారా" అన్నాడట టీసీ. "ఈవిడ టైములోనే వచ్చి తువ్వాలు పరిచింది. ఇదిగో సాక్ష్యం" అని నన్ను పైకెత్తి చూపించాడు.

చూశారా? సముద్రాలకి అవతల కూడా నా చట్టమే నడుస్తోంది! ఆయన లేచాడు, టీసీ నన్ను మళ్ళీ ఆ సీటు మీద పరిచాడు. లేచినాయన మస్తానమ్మ కాలు చాపుకోవడానికి తన పెట్టె కూడా ముందుకి జరిపాడు. మనిషి మంచివాడే పాపం, సీటు దొరికేదాకా అందరూ అంతే.

మస్తానమ్మ కూర్చోకుండా నన్నే చూస్తూ నిలబడింది. "వదినా, ఆ రోజు దర్శి బస్సులో నీ తువ్వాలు తీసి పడేశా."

"ఇయ్యాల తీయకుండా దాని మీదే కూకో," అంది తిరపతమ్మ.

కాసేపటికి నన్ను చుట్ట చుట్టి ఆ వాచిన మోకాలి కింద పెట్టింది. దాదాపు ఐదు గంటలు ఆ బరువు మోశాను. చీరాలాయన గట్టి నేత అక్కడ అక్కరకొచ్చింది. ఊరు దగ్గరపడేసరికి మస్తానమ్మ పాట కూనిరాగం తీస్తూ వేళ్ళతో తాళం వేస్తోంది.

రైలు ఆగేది రెండు నిమిషాలే. ఆ హడావుడిలో నన్ను మర్చిపోయారు. నాకు కోపం లేదు. కిటికీలోంచి చూశాను, మస్తానమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, కర్రల సంచి తనే భుజానేసుకుని నడుస్తోంది. ఆ సాయంత్రం ఆడిందా అని నన్నడగొద్దు. ఆ నడక చూశాక అడగాల్సిన పని లేదు.

ఇప్పుడు నేను ఏదో పెద్ద స్టేషన్లో, పోయిన సామాన్ల గదిలో ఒక అర మీదున్నాను. అటు గొడుగులు, ఇటు ఒంటరి చేతి తొడుగులు. నా చెవికో చీటీ కట్టారు. 'ఎవరిదో తెలియదు' అని దానర్థమట. కొన్నాళ్ళు చూసి వేలం వేస్తారట. వేసుకోనీండి. పక్కనున్న గొడుగులు దిగాలుగా తలుపు వంక చూస్తుంటాయి. నేను చూడను. నిన్న ఇక్కడి గుమాస్తా ఈ చోటు ఖాళీ చేద్దామని నన్ను ఎత్తబోయాడు. నా కొస అర మేకుకి పట్టుకుంది. లాగాడు, రాలేదు, వదిలేశాడు.

ఒరే అబ్బాయ్, ఇది పోయిన సామాను కాదు. పట్టిన సీటు. మనిషి ఉంది. వస్తంది.