అల్లుడుగారి అడ్రినలిన్

అమెరికాలో నోవై అనే ఊళ్లో కాపురముంటున్న అల్లుడు ఫణికి ఏం చేసినా అడ్రినలినే. విమానంలోంచి దూకాడు, సరే అనుకుందాం. మంచులో కారు రెండడుగులు జారినా అడ్రినలినే, ఇండియా టికెట్ చవగ్గా దొరికినా అడ్రినలినే. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ముప్పై మూడేళ్లు నర్సుగా చేసి, ఇప్పుడు వాళ్లింటికొచ్చి ఉన్న అత్తగారు లీలావతికి ఆ మాట వినబడినప్పుడల్లా ఒళ్లు మండేది. ఆమె ఎరిగిన అడ్రినలిన్ చిన్న గాజు బుడ్డిలో ఉండేది. దాని మెడ విరిచారంటే మంచం మీది మనిషి చేజారిపోతున్నాడని అర్థం. అయినా అల్లుణ్ణి ఏమంటుంది? నోరు నొక్కుకుని ఊరుకునేది.

ఆ శనివారం ఆ ఊళ్లోనే ఉండే స్నేహితులు పద్మనాభంగారింట్లో భోజనాలు. లీలావతి కూతురు జాహ్నవి ఆఫీసు పని మీద వేరే ఊరెళ్లింది. వెళ్తూ వెళ్తూ, ఆరేళ్ల ఆద్యకు పల్లీలు పడవని వందసార్లు చెప్పి, తింటే వెంటనే పొడవాల్సిన మందు పెన్నును మొగుడి జాకెట్ జేబులో పెట్టింది. లీలావతి వంటింట్లో పూరీలు వేయిస్తోంది. అల్లుడుగారు తాను దూకిన వీడియో నలుగురికీ చూపిస్తున్నారు. గుత్తివంకాయలో పల్లీలున్నాయా అని అడిగే తీరిక ఆయనకెక్కడిది? పిల్ల ప్లేటులో వడ్డించేశారు.

"అమ్మమ్మా, నా గొంతు టైట్‌గా ఉంది," అంటూ వచ్చింది ఆద్య. పెదాలు ఉబ్బిపోయాయి. ఊపిరి ఈల వేస్తోంది.

"బాబూ, పెన్ను!" అని అరిచింది లీలావతి.

ఫణి తీశాడు. పదమూడు వేల అడుగుల ఎత్తునుంచి దూకిన మహావీరుడికి దాని మూత ఊడిరాలేదు.

"అత్తయ్యగారూ, ఒక్క నిమిషం... ఇన్‌స్ట్రక్షన్స్ చదవనివ్వండి. రాంగ్ ప్లేస్‌లో పొడిస్తే?"

ఆమె పెన్ను లాక్కుని, ప్యాంటు మీదనుంచే పిల్ల తొడ పక్కన గుచ్చి పట్టుకుంది.

"నైన్ వన్ వన్‌కి ఫోన్ చెయ్యండి. అదైనా చెయ్యండి," అంది.

అంబులెన్స్‌లో మనవరాలి ఊపిరి కుదుటపడేదాకా ఆమె పిల్ల చెయ్యి వదల్లేదు.

సాయంత్రం ఆసుపత్రి గదిలో ఫణి ఫోన్ పట్టుకుని పద్మనాభానికి కథ చెబుతున్నాడు.

"స్కైడైవింగ్ ఏం లెక్క సార్! ఇవాళ నాకెక్కిన అడ్రినలిన్..."

లీలావతి పళ్లు కొరికింది. ఈసారి మాత్రం అనేద్దామని నోరు తెరిచింది. అంతలో మంచం మీంచి ఆద్య అంది:

"నో నాన్నా. నీకు కాదు. అడ్రినలిన్ నాకు ఇచ్చారు. అమ్మమ్మ ఇచ్చింది."

ఫణి ఫోన్ పెట్టేశాడు.