పెళ్ళి బొమ్మలో వాన

పొద్దున్నే ఎనిమిదింటికి సుగాకో కురామొచి గారి స్టూడియోకి వచ్చేది. బల్ల తుడిచి, సిరా సీసా మూత తీసి, స్కేలు పెట్టి వాన గీసేది. టోక్యోలో ఆయన దగ్గర మాంగా కథలకి బొమ్మలు వేసే సహాయకులు ఐదుగురు. ఒకరు మేడలు గీస్తే ఒకరు రైళ్ళు. వాన మాత్రం సుగాకోదే, ముప్పై ఏళ్ళుగా.

ఆమె గీసిన వాన తడిపేది. స్టేషన్లో పత్రికలమ్మే ముసలాయన, కురామొచి కథ వచ్చే వారపత్రికని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చేవాడు. రైల్లో ఉద్యోగస్తులు ఒళ్ళో రుమాలు పరుచుకుని చదివేవారు. మంగలి షాపుల్లో పాత సంచికలు తీగ మీద ఆరేసి ఉండేవి. "ఈ వారం జల్లు బావుంది" అనుకునేవారు, అంతే.

ఆ కథలో పిల్ల పేరు చిసా. చిసా సుగాకో సొంత అక్క. కిసో నది పొంగి ఊళ్ళ మీద పడ్డ ఏట, పదహారేళ్ళ చిసా తొమ్మిదేళ్ళ చెల్లెల్ని ఇంటికప్పు మీదికి తోసి తను కొట్టుకుపోయింది. ఇరవై రెండేళ్ళప్పుడు సుగాకో అదంతా నలభై పేజీల్లో గీసి కురామొచికి చూపించింది. మరుసటి నెల నుంచి అది ఆయన పేరుతో వారంవారం అచ్చయింది.

అడిగితే నవ్వాడు. "ఆడపిల్ల పేరు చూసి ఎవరు కొంటారే? మీ అక్కని దేశమంతా తెలిసేలా చేస్తున్నాను, సంతోషించు."

ఆయన కథలో చిసా మునగలేదు. ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి ప్రేమలో పడింది. నూడుల్స్ డబ్బాల మీదికెక్కింది. పదకొండు భాషల్లోకి వెళ్ళింది. పారిస్‌లో అమ్మాయిలు ఆమెలా జడలల్లుకుని వేషాల పోటీలకి వెళ్ళేవారు. సుగాకో ఆ నూడుల్స్ ఏనాడూ ముట్టలేదు. ఉద్యోగమూ మానలేదు. ఎందుకు మానవని పక్క బల్లావిడ అడిగితే, "ఆయన ఆఖరి పేజీ గీసేటప్పుడు నేనిక్కడుండాలి" అంది.

ఆ ఆఖరి పేజీ చిసా పెళ్ళి. పెళ్ళికొడుక్కి కురామొచి తన పడుచు వయసు మొహమే పెట్టుకున్నాడు.

"గురువుగారూ, ఒక్క మాట. మా అక్కని పోనివ్వండి. ఎలా పోయిందో అలాగే."

"పారిస్‌లో నాకు బహుమతి ఇస్తున్నారు. అక్కడికి శవాన్ని మోసుకుపొమ్మంటావా? ఇందులో ఎండ కాస్తోంది. నీకివాళ పన్లేదు, ఇంటికి పో."

ఆయన భోజనానికి లేచాక, పెళ్ళికొడుకు నెత్తిన ఒకే ఒక్క వానగీత గీసి, కలం కడిగి, సుగాకో వెళ్ళిపోయింది.

పత్రిక వచ్చిన మర్నాటికి పెళ్ళికొడుకు కళ్ళు కరిగాయి. వారానికి మనిషే లేడు. చిసా ఒక్కతే పొడిగా నిలబడింది. పారిస్‌లో కురామొచి సంతకం చేస్తే, పేరు కాగితం మీంచి జారి బల్ల మీద బొట్లు బొట్లుగా పడింది. జడల పిల్ల పుస్తకం చాపి, "మీ పేరు నిలవలేదండీ" అంది. ఇంకోసారి రాశాడు. అదీ జారింది. ఇంటికొచ్చాక ఏ గీత గీసినా అంతే.

చివరికి సుగాకో ఇంటికొచ్చి చాప మీద మోకరిల్లాడు. "ఈ వాన ఆపు, సుగాకో."

"గీసినవాళ్ళని అడగండి. పుస్తకం మీద పేరు మీదేగా? కాదంటే ఎవరు గీశారో ఊరందరికీ చెప్పండి."

చెప్పాడు. తను రాస్తే నిలవదు కనక, ఆయన చెబుతుంటే సంపాదకుడు ఒరిబే రాసుకుని మొదటి పేజీలో వేశాడు. తర్వాతి సంచికలో అదే కథకి ఇంకో ముగింపు వచ్చింది, సుగాకో పేరుతో. నది, ఇంటికప్పు, పట్టు వదిలేస్తున్న అక్క చెయ్యి. రైళ్ళలో జనం తలెత్తకుండా చదివారు.

ఆ మధ్యాహ్నమే కురామొచి మళ్ళీ ఆమె గుమ్మంలోకొచ్చాడు. వేళ్ళ చివరల నుంచి సిరా కారుతోంది.

"అంతా ఒప్పుకున్నాను కదమ్మా. ఇంకా ఆగలేదే?"

"చెప్పమన్నాను. ఆపుతానని ఎప్పుడన్నాను?"

తలుపు జరిపి మూసేసింది. లోపల అక్క ఫోటో ముందు అగరొత్తి వెలిగించింది. దేశమంతా బతికే ఉందనుకుంటున్న మనిషికి ఇన్నేళ్ళూ వెలిగించడానికి ఆమెకి చెయ్యి రాలేదు.