ఇమెరిక్స్ దువ్వెన

పొయ్యి రాజేశాక లౌబా చేసే మొదటి పని గూట్లోని ఎముక దువ్వెన తీసి చూడటం. అది మొగుడు ఇమెరిక్స్‌ది. రోము సైన్యంలో చేరి వెళ్తూ మరిచిపోయాడు. అతను ఏ దేశంలో తల దువ్వుకున్నా, రాలిన వెంట్రుకలు మాత్రం రైన్ నది ఒడ్డున ఈ దువ్వెనకే చిక్కుకునేవి. పేలు కనిపిస్తే దళం బురదలో విడిది చేసిందని, ఇసుక రాలితే సముద్రం దగ్గరుందని వాడకట్టు ఆడవాళ్ళు ఊహించేవారు. వాళ్ళ మొగుళ్ళూ ఆ దళంలోనే ఉన్నారు మరి. పక్కనున్న కోట అధికారి కూరియో కూడా సంతరోజు వచ్చి, గంజి తాగి, దువ్వెన చూసిపోయేవాడు. వార్తలు మోసే గుర్రాల కంటే అది నయమని అతని నమ్మకం.

ఆ సంతరోజు పొద్దున దువ్వెన నిండా ఎర్రటి వెంట్రుకలు.

"అత్తా, ఇలా రా. ఈయన జుట్టు గోధుమరంగు కదా?"

అత్త ఒక వెంట్రుక లాగి వెలుగులో చూసింది. "రంగేశాడే వీడు. శత్రువు ఓడేదాకా జుట్టు కత్తిరించనని ఒట్టేసుకుంటే మనవాళ్ళు ఇలా ఎర్రరంగు వేస్తారు. మా నాన్నా వేశాడు."

"శత్రువెవరు?"

"ఇంకెవరే? జీతమిచ్చేవాళ్ళే."

రోము వాళ్ళకైతే కంచే చేను మేసినట్టు. కానీ కూరియో ఈ దువ్వెన చూశాడంటే అత్తాకోడళ్ళిద్దరినీ కోట గుమ్మానికి వేలాడదీస్తాడు. లౌబా ఎర్ర వెంట్రుకలు పీకి పొయ్యిలో వేసింది. మళ్ళీ వచ్చాయి. దాచేద్దామంటే, అతను అడిగి మరీ చేతిలోకి తీసుకునే మనిషి.

"మేక కొవ్వులో బూడిద కలిపి ఆ రంగు నాకూ పెట్టు అత్తా."

కూరియో వచ్చేసరికి ఆమె ఎర్రజుట్టు విరబోసుకుని, ఆ దువ్వెనతోనే దువ్వుకుంటోంది.

"ఏంటమ్మాయ్ ఈ వేషం?"

"మీ రోము దొరసానులు ఎగబడి కొంటున్న రంగేగా అయ్యగారూ. మాకుండదా సరదా?"

"మరి మీ ఆయన కబురు?"

"నా వెంట్రుకల్లో ఆయనవేం కనిపిస్తాయి? వచ్చే సంతకి చూద్దురుగాని."

అతను నవ్వి, గంజి తాగి వెళ్ళాడు.

"ప్రాణం దక్కింది," అంది అత్త. "ఇక రోము ఓడేదాకా నువ్వూ కత్తిరించకూడదు. ఆ ఒట్టు మగాడా ఆడదా అని చూడదు."

వచ్చే సంతకి కోట లేదు. తిరుగుబాటు దళాలు తగలబెట్టాయి. కూరియో లోపలే ఉండిపోయాడు. అతని గంజి గిన్నె కడుగుతూ లౌబా ఏడ్చింది, మనిషి చెడ్డవాడేం కాదు.

ఏడాది తిరగకుండానే తెగ పెద్దలు రోముతో రాజీపడ్డారు. కోట మళ్ళీ లేచింది. తల కురచగా కత్తిరించుకుని ఇమెరిక్స్ ఇంటికొచ్చాడు. మోకాళ్ళదాకా దిగిన పెళ్ళాం ఎర్రజుట్టు చూసి కత్తెర తెచ్చాడు.

"అయిపోయిందే. ఇటు తిరుగు, కత్తిరిస్తా. కోటవాళ్ళు చూస్తే బాగుండదు."

"మీది అయిపోయింది," అంది లౌబా, జడ నడుముకు చుట్టుకుంటూ.

రైన్ అవతలి ఒడ్డు రోముది కాదు. ఆమె రేవుకి వెళ్ళేసరికి అత్త అప్పటికే మూటతో పడవలో కూర్చుని ఉంది.