కళావతి నంబరు ఏడు

కళావతికి ఎవరి మీదైనా అనుమానం మొలిచిందంటే దానికి నీళ్లు పోసి, పందిరి వేసి, కాయ కాసేదాకా ఊరుకోదు. 2007 ఎండాకాలంలో అది భద్రు మీద మొలిచింది.

దమ్మపేటలో వాళ్లు నడిపే పాటల పార్టీలో భద్రు గిటారు వాయిస్తాడు. కళావతి ఆ పార్టీకి పెద్ద గొంతు. పెళ్లయినా, శ్రీరామనవమి పందిరైనా "కళావతి వస్తదా" అని అడిగాకే జనం బుక్ చేసుకుంటారు. పగలు మిర్చి కల్లంలో కూర్చుని కాయల తొడిమలు తీస్తుంది, సాయంత్రం జరీ చీర కట్టుకుని మైకు పట్టుకుంటుంది. కల్లంలో ఘాటుకు అందరూ దగ్గుతారు కాబట్టి అక్కడ ఎవరి దగ్గునూ ఎవరూ పట్టించుకోరు.

అనుమానానికి కారణం ఒక పెట్టె. భద్రు హైదరాబాదు నుంచి తెచ్చిన, గిటారు శబ్దాన్ని మార్చే ప్రాసెసర్. కాలితో నొక్కే మీటలు, చిన్న తెర, తెర మీద వెలిగే అంకె. పార్టీ ఎకో మిషన్ చెడిపోయాక పాడేవాళ్ల మైకును ఈ పెట్టెకే తగిలించాడు. కళావతి పాడితే ఏడో మీట నొక్కుతాడు. కిందటి దసరాకు చేరిన హేమలత పాడితే ఎనిమిది నొక్కుతాడు. హేమలత ఇంటర్ చదివే పిల్ల, నవ్వుతూ పాడుతుంది. కళావతి కోపంలో సగం ఆ నవ్వు మీదే.

మిగతా సగానికి ఆధారాలున్నాయి. హేమలత ఊపిరి పీల్చుకున్నా స్పీకర్లలో వినిపిస్తుంది. తను మాత్రం చరణం చివర గొంతు సాగదీస్తుంటే, తనింకా పాడుతుండగానే స్పీకర్లలో పాట ముగిసిపోయి, వెనక మెత్తటి ఎకో మాత్రం సాగుతుంది. పైగా ప్రతి ప్రోగ్రామ్‌కూ ముందు భద్రు ఆ పెట్టె మీద వంగి ఏడో నంబరునే ఏదో కెలుకుతాడు. తను దగ్గరికి వెళితే లేచి నిలబడతాడు.

ఆ సాయంత్రం కల్లూరులో నవమి పందిరి. జనం ఇంకా రాలేదు. కళావతి నేరుగా అడిగేసింది.

"భద్రూ, ఆ పెట్టెల ఏం జేస్తున్నవ్?"

"వరస సర్దుతున్న అక్కా."

"ఏం వరస?"

"శబ్దం ఏ దారిన పోవాల్నో గా వరస. ఒకటి చిన్న చప్పుడును ఆపే తలుపు. ఒకటి చిన్నదాన్ని పెద్దగ జేసేది. ఆఖరుకు ఎకో."

"నా దాంట్ల ముందు ఏముంది?"

"తలుపు."

"ఆ పిల్ల దాంట్ల?"

"పెద్దగ జేసేది."

"అంటే నాకు తలుపేసి, ఆమెను పెద్దగ జేస్తున్నవ్."

"గట్ల కాదక్కా. ఇద్దరి దాంట్ల అన్నీ ఉన్నయ్. వరసే వేరు. గొంతును బట్టి పెట్టాలె." అని వైరు చుట్టడానికి అవతలికి పోయాడు.

గొంతును బట్టి! ఇన్నేళ్లు ఈ గొంతు అన్నం పెడితే తిన్నవాడు, ఇప్పుడు గొంతులకు వరస కడుతున్నాడు. తనను మెల్లగా తప్పించి ఆ పిల్లను నిలబెట్టడానికే ఇదంతా అని కళావతి తేల్చేసుకుంది. పాట పోతే తనకు మిగిలేది కల్లమే.

జనం నిండారు. కళావతి తనకు పేరు తెచ్చిన వాగు పాట ఎత్తుకుంది. పల్లవి కాగానే, మైకు పట్టుకుని ఆడుతున్నట్టుగా భద్రు ఉన్న వైపుకు జరిగి, కాలి బొటనవేలితో ఎనిమిదో మీట నొక్కేసింది.

చరణం మొదలైంది. మొదటి పాదం చివర స్పీకర్లలోంచి పిల్లికూతలాంటి చప్పుడొకటి వచ్చింది. దాని కింద ఒక గొంతు వణికి తెగిపోయింది. ఎకో ఆ చప్పుడును పట్టుకుని మళ్లీ మళ్లీ పందిరంతా వినిపించింది. జనంలో ఎవరో "మైకు మార్చున్రి" అన్నారు.

కళావతి భద్రు వైపు గుడ్లురిమింది. వాడు గిటారు కూడా ఆపేశాడు. రెండో పాదం పాడింది. మళ్లీ అదే కూత. ఊపిరి బిగబడితే ఆగుతోంది, పీలిస్తే వస్తోంది. అది పెట్టెలోంచి కాదు, తన ఛాతీలోంచి వస్తోందని అప్పుడు తెలిసింది.

భద్రు కాలు చాచి ఏడు నొక్కాడు. కూత మాయమైంది. పాట అద్దంలా ముగిసింది, జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటుంటే కళావతికి ఒళ్లు మండింది.

తర్వాతి పాట హేమలతకు వదిలి భద్రును స్టేజీ వెనక్కి లాక్కుపోయింది.

"ఎప్పటి సంది?"

"నిరుటి మిర్చి సీజన్ సంది." వాడు తల దించుకున్నాడు. "పెద్దగ జేసేది ముందుంటే నీ పిల్లికూత గూడ పెద్దగై తలుపు దాటుతది. తలుపు ముందుంటే ఆడనే ఆగుతది. నీకు దమ్ము చాలని కాడ ఎకో సాగుతది. జనానికి తెల్వదు."

"నాకు గూడ తెల్వకుండ జేసినవ్. ఆ పిల్లకు ఎరుకేనా?"

"అవ్."

"గిదంత నా మీద జాలితోనా, బుకింగులు పోతయనా?"

"రెండూ అక్కా."

కళావతికి ఏడుపొచ్చింది. వాడు నిజంగా శత్రువై ఉంటే ఎంత బాగుండేది! నాలుగు తిట్టి, చీర దోపి కొట్లాడేది. ఇప్పుడు ఎవరితో కొట్లాడాలి? కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఇంతకాలం మిర్చి ఘాటు అనుకున్న ఆ దగ్గును ఈసారి చెవి పెట్టి వింది.

ఆఖరి పాట ఆమెదే. స్టేజీ ఎక్కుతూ భద్రుతో "శృతి దించు" అంది.

భద్రు నమ్మలేనట్టు చూశాడు. ఒకప్పుడు శృతి దించుదామన్నవాడితో ఆమె నెలల తరబడి మాట్లాడకపోవడం వాడికి తెలుసు. "ఎంత దించాలె?"

"నా దమ్ముకు సరిపోయేదాక. ఎనిమిది మీద పెట్టు."

"అక్కా, అందరికీ వినబడతది."

"వినబడనీ. ఏది నా గొంతో ఏది నీ పెట్టెదో నాకు తెల్వాలె. నడుమ కాలు పెట్టినవంటే నీ గిటారు ఇరగ్గొడత."

పాట కిందిశృతిలో మొదలైంది. పాదం సగంలో ఆగి, ఊపిరి తీసుకుని, మిగతా సగం పాడింది. ఆ ఊపిరి చప్పుడు చివరి వరసలో కూర్చున్నవాళ్లకూ వినిపించింది. కూత వచ్చినచోట భద్రు కాలు కొంచెం లేచి, మళ్లీ కింద ఆనింది.

పాట అయ్యేదాకా కళావతి జనం వైపు చూడలేదు. వాడి కాలునే చూస్తూ పాడింది.